ఆగస్టు బురదలో ఆర్కిటిక్ కబుర్లు

చెన్నైలో వలస పక్షుల మాటెత్తితే అందరికీ డిసెంబరే గుర్తొస్తుంది. చలి మొదలవ్వాలి, చెరువులు నిండాలి, అప్పుడు పక్షులొస్తాయి, సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని వేడంతాంగల్‌కో పులికాట్‌కో వెళ్లి చూసి రావాలి. ఇదీ మనకు అలవాటైన లెక్క. కానీ ఏటా మొదటి వలస పక్షులు ఇక్కడ దిగేసరికి ఊళ్లో ఇంకా ఉక్కపోత తగ్గనే తగ్గదు. జులై ఆఖరికి కొన్ని వస్తాయి, ఆగస్టు నడిచేకొద్దీ గుంపులు కనబడతాయి. మనం శ్రావణ శుక్రవారాల హడావుడిలో ఉండగా పళ్లికరణై చిత్తడి నేలలో, అడయార్ నది సముద్రంలో కలిసే చోట, కేళంబాక్కం ఉప్పుమడుల్లో ఉల్లంకి పిట్టలు (శాండ్‌పైపర్లు, వాటి చుట్టాలు) బురద పొడుచుకు తింటూ ఉంటాయి.

అంత తొందర దేనికంటే, వాటి ఊళ్లో ఎండాకాలం చాలా చిన్నది. ఆర్కిటిక్ మైదానాల్లో జూన్‌లో మంచు కరిగి నేల కనబడగానే గుడ్లు పెడతాయి. సుమారు 20 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. పురుగులు విపరీతంగా దొరికేది ఆ కొద్ది వారాలే. చలి తరిమేదాకా ఆగితే దారి ఖర్చుకు కావలసిన కొవ్వు కూడబెట్టుకోవడం కష్టం. అందుకే పగటి పొడుగులో మార్పును బట్టి ఒళ్లు ముందే సిద్ధమవుతుంది. ఆకలి పెరుగుతుంది, చర్మం కింద కొవ్వు చేరుతుంది. గ్రాము కొవ్వులో దాదాపు 9 కిలో కేలరీల శక్తి ఉంటుంది. పిండి పదార్థాల్లో ఉండేది నాలుగే. బరువు మోస్తూ ఎగిరే ప్రాణికి ఈ తేడా చాలా పెద్దది.

ముందుగా కనబడేవి కామన్, గ్రీన్, వుడ్ శాండ్‌పైపర్లు. కామన్ శాండ్‌పైపర్ హిమాలయాల్లోనూ గూడు పెడుతుంది కాబట్టి దానికి ప్రయాణం కొంత తక్కువ. అడయార్ ఒడ్డున రాళ్ల మీద తోక ఊపుతూ ఒంటరిగా తిరిగేది అదే. ఆ తర్వాత అసలు దూరం నుంచి వచ్చేవి దిగుతాయి: పాతిక గ్రాములు తూగే లిటిల్ స్టింట్, సైబీరియా మైదానాల నుంచి పొట్ట మీద నలుపు ఇంకా పూర్తిగా పోకుండానే వచ్చే పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్, నాకు అన్నిటికంటే ఇష్టమైన కర్లూ శాండ్‌పైపర్.

పళ్లికరణై మధ్యగా పోయే తొరైపాక్కం 200 అడుగుల రోడ్డు పక్కన స్కోప్ (పక్షుల్ని చూసే టెలిస్కోప్) పెట్టుకుని నిలబడితే ఎవరో ఒకరు ఆగి అడుగుతారు. ఒకసారి ఆగిన క్యాబ్ డ్రైవర్‌ది సూళ్లూరుపేట. నా ఫోన్ మాటలు విని తెలుగువాడినని గుర్తుపట్టాడు. "నీళ్లే లేవు కదా సార్, పక్షులెక్కడుంటాయి? మా ఊళ్లో ఫ్లెమింగోల పండగ సంక్రాంతి దాటాక కదా" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. స్కోప్‌లో చూపించాక కాసేపు ఏమీ కనబడలేదన్నాడు. తర్వాత, "అయ్యో, అక్కడ కదిలేవన్నీ పిట్టలేనా!" అన్నాడు.

నీళ్లు లేకపోవడమే ఇక్కడి గొప్ప. నైరుతి రుతుపవనాలు దేశమంతా తడిపినా చెన్నైకి వానల్లో పెద్ద వాటా దక్కేది అక్టోబరు, డిసెంబరు మధ్య వచ్చే ఈశాన్య రుతుపవనాల వల్లే. అందుకని ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చిత్తడి నేలల్లో నీళ్లు అట్టడుగుకు చేరి అంచుల్లో తడి బురద బయటపడుతుంది. స్టింట్ కాళ్లు పొట్టివి, రెండు మూడు సెంటీమీటర్ల లోతు దాటితే దానికి తిండి అందదు. కాళ్లు పొడుగైన గాడ్‌విట్ ఇంకొంచెం లోపలికి దిగి వెతుక్కుంటుంది. జానెడు నీళ్లు పెరిగితే చాలు, చిన్న పిట్టలకు అక్కడ పని లేదు. బాతులకు నిండు చెరువు కావాలి, వీటికి అడుసు కావాలి.

ఆ అడుసులో ఇవి కళ్లతో వెతికేది తక్కువ. ముక్కు కొసన ఎముకలో సన్నటి గుంటలుంటాయి, వాటిలో ఒత్తిడిని పసిగట్టే నరాల మొనలు గుత్తులుగా ఉంటాయి. బురదలో పురుగు కదిలితే ఆ కదలిక ముక్కుకు తెలుస్తుంది. తెలిశాక ముక్కంతా తెరవక్కర్లేదు. చాలా శాండ్‌పైపర్లు పై ముక్కు కొసను మాత్రమే పైకి వంచి, బురదలోనే పురుగును పట్టుకోగలవు. బైనాక్యులర్స్‌తో ఒక పిట్టనే పట్టుకుని కాసేపు చూడండి. కుట్టుమిషను సూదిలా ముక్కు దిగుతూ లేస్తూ ఉంటుంది, మధ్యలో ఒక్క క్షణం ఆగుతుంది. ఆగిందంటే ఏదో దొరికింది.

ఇక కర్లూ శాండ్‌పైపర్. కిందికి వంగిన పొడుగు ముక్కు, ఎగిరినప్పుడు నడుము మీద తెల్లటి పట్టీ. రష్యా ఉత్తర కొసన ఉన్న టైమిర్ ద్వీపకల్పం, దాని చుట్టుపక్కల ఆర్కిటిక్ తీరం దీని పుట్టిల్లు. అక్కడి నుంచి చెన్నైకి తిన్నగా కొలిచినా దాదాపు 7,000 కిలోమీటర్లు. గుడ్లు పొదగడం, పిల్లల్ని కాయడం అంతా ఆడపక్షి పనే. మగవి జులై మొదట్లోనే బయల్దేరతాయి, ఆడవి ఆ తర్వాత, పిల్లలు అన్నిటికంటే ఆఖరున. అందువల్ల ఇక్కడ బురదలో ఒక్కో వారం ఒక్కో రకం ఈకలు కనబడతాయి. ఆగస్టులో పొట్ట మీద ఇటుక రంగు మచ్చలు మచ్చలుగా మిగిలి ఉంటే అది ఇప్పుడే ఆర్కిటిక్ నుంచి దిగిన పెద్ద పక్షి. ఒళ్లంతా బూడిద రంగైతే బహుశా ఈ ఏడు వెనక్కి వెళ్లకుండా ఇక్కడే వేసవి గడిపిన కుర్రది. సెప్టెంబరులో ఎద మీద లేత పీచు రంగు, వీపు మీద ప్రతి ఈకకూ తీర్చినట్టు సన్నటి తెల్ల అంచు కనబడితే, అది రెండు మూడు నెలల కిందట పుట్టిన పిల్ల.

ఆ పిల్లల్ని లెక్కపెట్టడంలో ఒక అద్భుతం ఉంది. టైమిర్‌లో లెమ్మింగ్ అనే చిన్న ఎలుకజాతి జంతువు ఉంది. మూడు నాలుగేళ్లకోసారి వాటి సంఖ్య బాగా పెరిగి, ఆ వెంటనే పడిపోతుంది. లెమ్మింగులు దండిగా ఉన్న ఏడు ఆర్కిటిక్ నక్కలకు అవే సరిపోతాయి, పక్షి గూళ్ల జోలికి పెద్దగా రావు. మరుసటి ఏడు లెమ్మింగులు ఉండవు కానీ, తిని పెరిగిన నక్కలు మాత్రం ఉంటాయి. అప్పుడవి గుడ్ల మీద, పిల్లల మీద పడతాయి. ఆ ఏడు వలసలో పిల్లలు దాదాపు కనబడవు. దక్షిణాఫ్రికా తీరంలో ఏళ్ల తరబడి పిల్ల పక్షుల్ని లెక్కపెట్టినవాళ్లు ఈ ఎగుడుదిగుళ్లు టైమిర్ లెమ్మింగుల లెక్కతో సరిపోవడం గమనించారు. ఎక్కడి నక్క, ఎక్కడి ఎలుక, ఎక్కడి పళ్లికరణై బురద! ఈ ఒక్క విషయం చాలు నన్ను ఏటా సెప్టెంబరులో ఎండలో నిలబెట్టడానికి.

తల్లిదండ్రులు ముందే వెళ్లిపోతే పిల్లలకు దారి ఎవరు చెబుతారు? డచ్ శాస్త్రవేత్త పెర్డెక్ 1958లో ప్రచురించిన ప్రయోగం దీనికి కొంత జవాబిచ్చింది. వలసలో ఉన్న 11,000కు పైగా స్టార్లింగులను (గోరింక జాతి పక్షులు) నెదర్లాండ్స్‌లో పట్టి, కాళ్లకు రింగులు వేసి, విమానంలో స్విట్జర్లాండ్ తీసుకెళ్లి వదిలారు. పెద్దవి పొరపాటు సరిదిద్దుకుని తమ మామూలు చలికాలపు చోటు వైపు తిరిగాయి. పిల్లలు మాత్రం ఎటు వెళ్లాలని పుట్టాయో అటే వెళ్లి స్పెయిన్ దాకా చేరాయి. అంటే దిక్కూ, సుమారు దూరమూ పుట్టుకతో వస్తాయి, గమ్యం మాత్రం అనుభవంతో వస్తుంది. దిక్కు తెలియడానికి సూర్యుడు, చుక్కలు, భూమి అయస్కాంత క్షేత్రం మూడూ పనికొస్తాయి. కంటిలోని క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ వెలుతురు సాయంతో అయస్కాంత క్షేత్రాన్ని పసిగడుతుందన్నది ఇప్పుడు ఎక్కువ బలంగా ఉన్న వివరణ. 2022 అక్టోబరులో అయిదు నెలల వయసున్న బార్ టెయిల్డ్ గాడ్‌విట్ ఒకటి అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా ఎగిరింది. దానికి అదే మొదటి ప్రయాణం.

ఇంత దూరం వచ్చిన పక్షికి దిగే చోటు ఉండాలి. పళ్లికరణైకి 2022లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా రాంసార్ గుర్తింపు వచ్చింది, ఆ జాబితాలో ఉన్నది 1,247 హెక్టార్లు. ఒకప్పుడు అది ఇంతకు ఎన్నో రెట్లు ఉండేది. చెత్తకుప్ప, రోడ్లు, ఐటీ ఆఫీసులు, మనలాంటివాళ్లం కొనుక్కున్న ఫ్లాట్లు మిగతాదాన్ని మింగేశాయి. దాని నీళ్లు ఒక్కియం మడువు గుండా బకింగ్‌హాం కాలువలో కలిసి కోవళం దగ్గర సముద్రానికి పోతాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరం వెంబడి సాగేదీ ఆ కాలువే. కర్లూ శాండ్‌పైపర్‌ను 2024లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ముప్పులో ఉన్న జాతుల్లో చేర్చింది, గ్రే ప్లోవర్‌నూ చేర్చింది. ఎండిన చెరువును ఖాళీ స్థలంగా రాసుకున్న ప్రతి కాగితానికీ ఈ తగ్గుదలలో వాటా ఉందని నా నమ్మకం.

చూడాలనుకునేవాళ్లు ఎండ ముదరకముందే వెళ్లండి, సూర్యుడు వీపు వెనక ఉండేలా నిలబడండి. అడయార్ ముఖద్వారానికైతే ఆటుపోట్ల పట్టిక చూసుకుని, నీళ్లు వెనక్కి తీసే వేళకు చేరుకోండి. కాళ్ల రంగు ముందు చూడండి: నల్లకాళ్ల స్టింట్ అయితే లిటిల్, పసుపు కాళ్లదైతే చాలావరకు టెమింక్స్. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో లెక్క రాసేటప్పుడు పెద్దవెన్ని, పిల్లలెన్ని అని కూడా రాయండి, ఆ వివరం రాసేవాళ్లు తక్కువ. సెప్టెంబరు రెండో వారం నుంచి పిల్లలు వస్తుంటాయి. మామూలుగా అక్టోబరు 20 ప్రాంతంలో ఈశాన్య వానలు మొదలై బురద నీట మునుగుతుంది. ఈ చిన్న పిట్టల్లో చాలావరకు అప్పటికి ఇంకో చోటు చూసుకుంటాయి.