రొయ్య నమిలే చప్పుడు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుకు అసలు టెన్షన్ తెల్లవారుజామున. పగలంతా ఎండలో చెరువులోని సన్నని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దుగూకాక తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు. రొయ్యలూ, ఆ నాచూ, అడుగున మిగిలిన మేతను కుళ్లబెట్టే బ్యాక్టీరియా రాత్రంతా దాన్ని పీలుస్తూనే ఉంటాయి. అసలు ఉన్న నిల్వే తక్కువ. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 30 డిగ్రీల వేడిలో లీటరు మంచినీటిలో కరిగేది 7.5 మిల్లీగ్రాములే. ఉప్పునీటిలో ఇంకా తక్కువ. అది 3 కన్నా దిగితే రొయ్యకు ఊపిరాడదు. ‘డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోయింది’ అని రైతులు కంగారుపడేది అప్పుడే. ఆ వేళలో నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే నెలల కష్టం తెల్లారేసరికి నీళ్లపాలు.

ఇప్పుడు ఈ కాపలా పనిలోకి సెన్సర్లు వచ్చాయి. నీటిలో ముంచే పరికరం కొసన ఒక రంగు పూత ఉంటుంది. దానిమీద నీలి కాంతి పడితే ఎర్రగా మెరుస్తుంది. నీటిలో ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే ఆ మెరుపు అంత త్వరగా ఆరిపోతుంది. ఎంతసేపట్లో ఆరిందో కొలిచి, ఆక్సిజన్ లెక్కను ఫోనుకు పంపుతుంది. ఆక్సిజన్ హద్దు కన్నా తగ్గితే ఏరియేటర్లను తనంతట తానే ఆన్ చేసే ఏర్పాటూ ఉంది. అయితే ఆ పూతమీద నాచు జిగురు పేరుకుంటే లెక్క తప్పుతుంది. ఎప్పటికప్పుడు తుడిచే మనిషి ఉండాల్సిందే.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది మాత్రం మేత యంత్రం. పెంపకం ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. ఎక్కువైతే అడుగున కుళ్లి ఆక్సిజన్‌ను తినేస్తుంది, తక్కువైతే రొయ్య ఎదగదు. తిన్నాయో లేదో తెలుసుకోవడానికి, కొంచెం మేత వేసి నీటిలో దించిన చెక్ ట్రేలను పైకి తీసి చూడటమే పాత పద్ధతి. కొత్త పద్ధతిలో నీటిలో మైకు వేలాడదీస్తారు. రొయ్య గట్టి మేత గుళికను దవడలతో కొరికినప్పుడు చిన్న టిక్కుమనే చప్పుడు వస్తుంది. చెరువంతా ఆ టిక్కులు జోరుగా వినిపిస్తే యంత్రం ఇంకొంచెం మేత చల్లుతుంది, అవి సద్దుమణిగితే ఆపేస్తుంది. ఏరియేటర్ల హోరులో, వాన చప్పుడులో ఆ టిక్కుల్ని ఏరుకోవడమే సాఫ్ట్‌వేర్ ప్రతిభ. ఆకలి ఎంతుందో రొయ్యే చెబుతోందన్నమాట!

డ్రోన్లతో మినరల్స్, ప్రోబయోటిక్స్ (మేలు చేసే బ్యాక్టీరియా) చల్లడం కూడా మొదలైంది. పడవ వేసుకుని తిరిగే పని తగ్గుతుంది, చెరువంతా సమంగా పడుతుంది.

ఇవన్నీ పెద్ద కంపెనీల చెరువులకే పరిమితమైతే అన్యాయం. రెండెకరాలు కౌలుకు చేసే రైతు అన్నీ కొనలేడు. నన్నడిగితే అతను ముందు పెట్టుకోవాల్సింది ఆక్సిజన్ సెన్సర్, దాంతోపాటు కరెంటు పోగానే మోగే అలారం, పక్కన సిద్ధంగా డీజిల్ జనరేటర్. మేత యంత్రం పంట చేతికొచ్చాక చూసుకోవచ్చు. డ్రోన్ అద్దెకు దొరికితే చాలు.