పసిఫిక్ దీవుల బేరం: బిస్కెట్ల దగ్గర చెడింది, చేపల దగ్గర కుదిరింది

పసిఫిక్ దీవుల మధ్య వాణిజ్య ఒప్పందాలకు కొదవ లేదు. కొదవంతా వాణిజ్యానికే. ఫిజీ, పపువా న్యూగినీలను పక్కన పెడితే మిగతా వాటిలో చాలా దేశాలు అమ్మగలిగేది కొబ్బరి, చేపలు, ఒకటీ అరా పంటలు. పక్క దీవి దగ్గరా ఉన్నవి అవే. డీజిల్, బియ్యం, మందులు బయటి నుంచే రావాలి. అలాంటప్పుడు వీళ్లలో వీళ్లు సుంకాలు ఎత్తేసుకుంటే ఒరిగేదెంత?

1971లో ఈ దీవులూ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లూ కలిసిన సౌత్ పసిఫిక్ ఫోరం పుట్టింది. దాని తొలి పెద్ద వాణిజ్య ఒప్పందం స్పార్టెకా. 1980లో కిరిబాటిలోని తరావాలో సంతకాలయ్యాయి. దీవుల సరుకుల్లో చాలావరకు సుంకం లేకుండా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు వెళ్లొచ్చు, బదులుగా దీవులు తమ సుంకాలు తగ్గించక్కర్లేదు. ఉదారంగానే ఉంది కానీ, సరుకు విలువలో సగమైనా ఈ ప్రాంతంలోనే చేరాలని షరతు. ఫిజీ బట్టల ఫ్యాక్టరీలు దీన్ని బాగా వాడుకున్నాయి. ఫ్యాక్టరీలే లేని తువాలు లాంటి దేశం ఏం వాడుకుంటుంది?

1993లో పడమటి పసిఫిక్‌లోని మెలనేసియా దేశాలు మరో దారి పట్టాయి, తమలో తాము సుంకం లేకుండా అమ్ముకుందామన్నాయి. వనువాటు గొడ్డు మాంసం, పపువా న్యూగినీ టీ, సోలమన్ దీవుల డబ్బా ట్యూనా చేప... మూడు దేశాలు, తలా ఒక సరుకు. ఎవరికీ నష్టం లేని ఏర్పాటు. తర్వాత ఫిజీ చేరింది, జాబితా పెరిగింది, గొడవలూ మొదలయ్యాయి. 2005లో తన తయారీదార్లను కాపాడుకోవడానికి వనువాటు ఫిజీ బిస్కెట్లను ఆపేసింది. ఫిజీ ఊరుకుంటుందా? వనువాటు నుంచి వచ్చే కావాను నిషేధించింది. కావా అంటే అక్కడివాళ్లు ఒక మొక్క వేరుతో చేసుకునే పానీయం. బిస్కెట్ల కోసం ఇంత రభసా అని నవ్వొస్తుంది. కానీ ఒక దేశంలో ఉన్నవే నాలుగు ఫ్యాక్టరీలైతే అందులో ఒకటి మూతపడటం చిన్న సంగతి కాదు.

అసలు సహకారం సముద్రంలో కుదిరింది. కిరిబాటి నేల దాదాపు 811 చదరపు కిలోమీటర్లే. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల హక్కు లెక్కన దాని సముద్రం సుమారు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో ట్యూనా ఉంది, పట్టే నౌకలేమో విదేశాలవి. విడివిడిగా బేరమాడితే నౌకల యజమానులు ఒక దేశాన్ని చూపించి ఇంకో దేశం రేటు తగ్గించేవారు. అందుకే కలిసి బేరమాడేందుకు 1982లో నౌరు ఒప్పందం పుట్టింది. ఇప్పుడు అందులో ఎనిమిది దేశాలున్నాయి.

మొదట్లో అమెరికా ట్యూనాపై ఈ 200 మైళ్ల హక్కునే ఒప్పుకోలేదు. ట్యూనా వలసపోయే చేప, అది ఎవరి సొత్తూ కాదని వాదించింది. 1984లో సోలమన్ దీవులు ఒక అమెరికా నౌకను పట్టుకుంటే, అక్కడి చేపల దిగుమతిని అమెరికా నిలిపేసింది. మరుసటి ఏడాది కిరిబాటి నేరుగా సోవియట్ యూనియన్‌తో చేపల ఒప్పందం చేసుకుంది. వాషింగ్టన్‌కు టెన్షన్ పట్టుకుంది. 1987లో అమెరికా దీవుల దేశాలన్నిటితో కలిపి ఒకే ఒప్పందంపై సంతకం చేసి డబ్బు కట్టింది. న్యాయం కంటే ప్రచ్ఛన్న యుద్ధమే ఇక్కడ ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం.

తర్వాతి మలుపు 2007 నాటి 'నౌకా దినాల' పద్ధతి. ఏడాదికి ఎన్ని రోజుల వేటకు అనుమతించాలో అందరూ కలిసి తేల్చుకుంటారు. ఆ రోజుల్ని పంచుకుని, ఎవరి వాటా వాళ్లు విదేశీ నౌకలకు అమ్ముకుంటారు. కనీస ధర మాత్రం ఉమ్మడిగా పెట్టారు. 2012లో రోజుకు 5,000 డాలర్లున్న ఆ ధర 2015కి 8,000 అయింది. 2010లో సుమారు 6 కోట్ల డాలర్లున్న ఆదాయం పదేళ్లలోపే 50 కోట్ల దరిదాపుల్లోకి వెళ్లింది.

సుంకాల కథ మాత్రం ఇంకా నడుస్తోంది. దీవులకు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో కుదిరిన వాణిజ్య ఒప్పందం పేసర్ ప్లస్. 2017లో సంతకాలై 2020 చివర్లో అమల్లోకి వచ్చిన దీనిలో ఫిజీ, పపువా న్యూగినీ చేరలేదు. దీవుల్లో అతిపెద్ద మార్కెట్లు ఆ రెండే. ఇక చేపల విషయంలో కొత్త చిక్కు వాతావరణం. నీళ్లు వేడెక్కేకొద్దీ ట్యూనా తూర్పుకు జరుగుతుందని, కొంత ఏ దేశానికీ చెందని సముద్రంలోకి పోతుందని శాస్త్రజ్ఞుల అంచనా. అక్కడ పట్టిన చేపకు నౌకా దినం కొనాల్సిన పని ఉండదు.