ఎలక్ట్రానిక్ లోడ్ కొంటున్నారా? ముందు వాట్ల లెక్క చూడండి

అడాప్టర్ మీద 12 వోల్టులు, 5 ఆంపియర్లు అని ఉంటుంది. మల్టీమీటర్ పెడితే 12.1 చూపిస్తుంది. దాన్ని బట్టి ఏమీ తేలదు. కరెంటు లాగేది ఏదీ తగిలించనప్పుడు, అంటే లోడ్ లేనప్పుడు, నాసిరకం అడాప్టర్ కూడా సరైన వోల్టేజే చూపిస్తుంది. కరెంటు లాగి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. అందుకు కొందరు కారు హెడ్‌లైట్ బల్బు తగిలిస్తారు. చల్లగా ఉన్న ఫిలమెంట్ నిరోధం, వెలిగాక ఉండే దాంట్లో సుమారు పదో వంతే, అందుకే మొదట్లో చాలా ఎక్కువ కరెంటు గుంజుతుంది. ఆ మొదటి గుంజుడికి మంచి అడాప్టర్ కూడా షార్ట్ అయిందనుకుని ఆగిపోవచ్చు. ఎలక్ట్రానిక్ లోడ్ అంటే పరీక్ష కోసం కరెంటు లాగే పరికరం. దానితో ఆ బాధ లేదు, నాబ్ తిప్పి కావలసినంతే లాగవచ్చు.

చౌక లోడ్‌లో పని చేసేది ఒకటో రెండో మాస్‌ఫెట్‌లు, అంటే కరెంటును అదుపు చేసే ట్రాన్సిస్టర్లు. లాగిన శక్తంతా (వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చే వాట్లు) వాటిలో వేడిగా మారుతుంది. అందుకే 150 వోల్టులు, 10 ఆంపియర్లు, 150 వాట్లు అని రాసి ఉంటే మూడూ ఒకేసారి దొరకవు. 10 ఆంపియర్లు 15 వోల్టుల దాకానే. 24 వోల్టుల దగ్గర 6.25, 48 దగ్గర 3.1 మాత్రమే. ఆ వాట్లలో కూడా మూడింట రెండొంతులు దాటకుండా వాడటమే మేలు. ఐఆర్‌ఎఫ్‌పీ250ఎన్ మాస్‌ఫెట్‌కు డేటాషీట్ 214 వాట్లు ఇస్తుంది, కానీ అది దాని ఒంటిని (పై తొడుగును) 25 డిగ్రీల దగ్గర పట్టి ఉంచితేనే. చిన్న హీట్‌సింక్, చిన్న ఫ్యాన్ అంత పని చేయలేవు. మాస్‌ఫెట్ పోయేటప్పుడు తరచూ షార్ట్ అయి పోతుంది, అప్పుడు మీ పవర్ సప్లై నేరుగా షార్ట్ మీద పడుతుంది. ప్లస్ వైరులో ఫ్యూజు తప్పకుండా పెట్టండి. ప్లస్, మైనస్ తారుమారైనా ఇదే ప్రమాదం: మాస్‌ఫెట్ లోపలి డయోడ్ గుండా కరెంటు అదుపు లేకుండా పారుతుంది.

సెన్స్ వైర్లకు (కరెంటు మోయకుండా, వోల్టేజ్ కొలవడానికే వాడే వైర్లకు) విడిగా టెర్మినల్స్ ఉన్న లోడే కొనండి. ఒక మీటరు పొడవున్న 0.75 చదరపు మి.మీ. రాగి వైరు, రానూపోనూ కలిపి, 5 ఆంపియర్ల దగ్గర పావు వోల్టు దాకా మింగేస్తుంది. 5 వోల్టుల చార్జర్‌కు అది 5 శాతం. తప్పు వైరుది, నింద చార్జర్‌కు.

అడాప్టర్లకు స్థిర కరెంటు మోడ్ (లోడ్ ఎప్పుడూ ఒకే కరెంటు లాగేది) చాలు. ఎల్‌ఈడీ డ్రైవర్ తానే కరెంటును స్థిరంగా ఉంచుతుంది కాబట్టి దానికి స్థిర వోల్టేజ్ మోడ్ (లోడ్ వోల్టేజ్‌ను ఒకేచోట పట్టి ఉంచేది) కావాలి. బ్యాటరీలకైతే కటాఫ్, అంటే వోల్టేజ్ పెట్టిన హద్దుకు దిగగానే లాగడం ఆపేసే ఏర్పాటు, ఉండాలి. 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-గంటల) లెడ్ యాసిడ్ బ్యాటరీని 0.35 ఆంపియర్లతో 10.5 వోల్టుల దాకా దించితే దాదాపు 20 గంటలు రావాలి.

పరీక్షలో అడాప్టర్ మీద రాసిన కరెంటులో పావు లోడ్, సగం, ముప్పావు, నిండు లోడ్, ఇలా మెట్లు మెట్లుగా పెంచండి. నిండు లోడ్ మీద అరగంట ఉంచి వోల్టేజ్, వేడి రెండూ చూడండి. అయిదు నిమిషాలు బాగానే ఉండి ఇరవై నిమిషాలకు దిగజారే అడాప్టర్లు ఉంటాయి. కొత్త లోడ్ చూపించే అంకెలను కూడా గుడ్డిగా నమ్మవద్దు. మొదటిరోజే 1 ఆంపియర్ దగ్గర మల్టీమీటర్‌ను సిరీస్‌లో పెట్టి సరిచూసుకోండి.