‘ద్రోహి’ మాట మీద అపోహలు - వాస్తవాలు

ప్రూఫులు దిద్దడమే నా పని. చేతిలో పెన్ను తప్పకుండా ఆగే మాట ‘ద్రోహి’. మనిషి మీద ఒకసారి పడితే తుడిచినా పోదు, అందుకే ఇంత పట్టింపు.

అపోహ: కీడు చేసినవాడల్లా ద్రోహి.

వాస్తవం: సంస్కృతంలో ‘ద్రుహ్’ ధాతువుకు కీడు తలపెట్టడమనే అర్థం. భగవద్గీత పదహారో అధ్యాయంలో దైవీ గుణాల వరసలో వచ్చే ‘అద్రోహం’ అంటే ఎవరికీ చెడు తలపెట్టకపోవడమే. తెలుగు వాడుకలో ఈ మాట బిగుసుకుంది. ముందు నమ్మకం ఉండాలి, అది తెగాలి. మిత్రద్రోహం, గురుద్రోహం, స్వామిద్రోహం అంటాం. శత్రుద్రోహం అని ఎవరమూ అనం. దారినపోయేవాడు జేబు కొడితే దొంగ. తాళాలు చేతికిచ్చి లెక్కలు చూడమన్నవాడు పెట్టె ఖాళీ చేస్తే ద్రోహి. విడిపోతున్నానని ముఖం మీదే చెప్పి వెళ్లిపోయిన స్నేహితుడికి నేనీ మాట పడనివ్వను.

అపోహ: ఆడవాళ్లకు ‘ద్రోహిణి’ అనే రాయాలి.

వాస్తవం: అక్కర్లేదు. ‘ద్రోహి’ ఇద్దరికీ చెల్లుతుంది.

అపోహ: రాజద్రోహం, దేశద్రోహం ఒకటే.

వాస్తవం: పాత శిక్షాస్మృతి ఐపీసీలోని 124ఎ సెక్షన్‌ను తెలుగులో రాజద్రోహమన్నాం. 1870లో చేరిన ఆ సెక్షన్ కిందే 1922లో గాంధీజీకి శిక్ష పడింది. ప్రభుత్వం మీద ద్వేషం, వైముఖ్యం రేపడం అందులో నేరం. హింసకు పురికొల్పని విమర్శ దాని కిందికి రాదని 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఐపీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో రాజద్రోహమన్న పేరు లేదు. 152వ సెక్షన్ దేశ సార్వభౌమత్వం, ఐక్యత, సమగ్రతల గురించి మాట్లాడుతుంది. ప్రభుత్వాన్ని తిట్టడం వేరు, దేశానికి కీడు చేయడం వేరు. కేసు పెట్టగానే హెడ్డింగులో ‘దేశద్రోహి’ అని వస్తే కొట్టేసి, ‘ఫలానా సెక్షన్ కింద కేసు’ అని రాస్తాను. తీర్పు చెప్పాల్సింది కోర్టు.

అపోహ: కృతఘ్నుడన్నా ద్రోహే.

వాస్తవం: కృతఘ్నుడు పొందిన మేలు మరిచినవాడు. కీడు చేయకుండా కూడా కృతఘ్నుడు కావచ్చు. మరిచి ఊరుకోక తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం మొదలెడితే ద్రోహం వైపు నడుస్తున్నట్టే. ‘కృత’ అంటే చేసిన మేలు. ‘జ్ఞ’ చేరితే దాన్ని ఎరిగినవాడు, ‘ఘ్న’ చేరితే దాన్ని చంపినవాడు. శత్రుఘ్నుడిలో ఉన్నదీ ఆ ‘ఘ్న’యే. ఒక సన్మానపత్రం ఆఖరి ప్రూఫులో ‘దాతలకు మా హృదయపూర్వక కృతఘ్నతలు’ అని కనిపించింది. అప్పటికే ముగ్గురు చదివి సంతకాలు పెట్టారు. ఆ రోజు నుంచి ఈ మాట తగిలిన చోటల్లా అక్షరం కింద వేలు పెట్టి చదువుతున్నాను.