పెద్ద క్లబ్బు పిలుపు: మేనేజర్ల వలస వార్తల వెనుక వందేళ్ల చరిత్ర

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లోని ప్రీమియర్ లీగ్‌లో ఒక పెద్ద క్లబ్బు వరుసగా మూడు నాలుగు మ్యాచ్‌లు ఓడిందంటే చాలు, బాగా ఆడుతున్న ఏదో ఒక చిన్న క్లబ్బు మేనేజర్ (జట్టును నడిపే ప్రధాన శిక్షకుడు) పేరు మరునాటి పత్రికల్లో కనిపిస్తుంది. అక్కడ ఉదయం పుట్టిన ఆ వార్త సాయంత్రానికి నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనూ, ఒంగోలు ట్రంక్ రోడ్డు టీ కొట్ల దగ్గరా శనివారం రాత్రి మ్యాచ్‌ల కోసం ఎదురుచూసే యువకుల ఫోన్లలోకి చేరుతుంది. ఆయన వెళ్తారా, ఉంటారా అన్న దాని మీదే చర్చంతా సాగుతుంది. ఆయన వెళ్తే వెనుక మిగిలే క్లబ్బు గతి ఏమిటన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఈ కథనం ప్రధానంగా ఆ ప్రశ్న గురించే.

మేనేజర్ల మార్పుపై ఊహాగానాలు ఏడాది పొడవునా సాగడానికి ప్రధాన కారణం నిబంధనల్లోనే ఉంది. ఆటగాళ్లను కొనడానికి, అమ్మడానికి ఏడాదిలో నిర్ణీత గడువులుంటాయి. మేనేజర్‌కు అటువంటి గడువేదీ లేదు. పాత క్లబ్బు అనుమతించి, ఒప్పందం ప్రకారం పరిహారం అందితే సీజన్ మధ్యలోనైనా మారవచ్చు. పైగా ప్రతి మ్యాచ్‌కు ముందు ఆయన విలేకరుల ఎదుట కూర్చోవాలి కాబట్టి అదే ప్రశ్న వారం వారం ఎదురవుతుంది. "నా దృష్టంతా శనివారం మ్యాచ్ మీదే" అన్నా అది మరొక వార్తవుతుంది. ఇంగ్లండ్‌లో పందేలు చట్టబద్ధం కనుక తదుపరి మేనేజర్ ఎవరన్న దాని మీద కూడా పందేలు నడుస్తాయి. ఇటువంటి వాటిలో తిరిగే డబ్బు తక్కువ కావడంతో కొద్దిమంది పందెం కాసినా ఎవరికెంత అవకాశముందో చూపే పందెం అంకెలు కదులుతాయి, ఆ కదలికే పత్రికలకు ఆధారంగా మారుతుంది. జీతం పెంచుకోవాలనుకునే మేనేజర్ తరఫు ఏజెంటుకు కూడా ఈ వాతావరణం ఉపయోగపడుతుంది.

ఈ కథకు తొలి ఘట్టం 1925 నాటిది. ఆ ఏడాది ఆర్సెనల్ క్లబ్బు మేనేజర్ కావాలంటూ ఒక క్రీడా పత్రికలో ప్రకటన ఇచ్చింది. భారీ మొత్తాలు పోసి ఆటగాళ్లను కొనడం తప్ప మరో విధంగా జట్టును నిర్మించలేనివారు దరఖాస్తు చేయనక్కర్లేదని అందులో స్పష్టంగా చెప్పింది. ఆ పదవిలోకి వచ్చిన హెర్బర్ట్ చాప్‌మన్ అప్పటికే హడర్స్‌ఫీల్డ్ టౌన్‌ను వరుసగా రెండుసార్లు లీగ్ విజేతగా నిలిపిన వ్యక్తి. ఆయన వెళ్లిన మరుసటి సీజన్‌లోనే హడర్స్‌ఫీల్డ్ మూడోసారి కూడా టైటిల్ గెలిచింది. ఆర్సెనల్ మాత్రం ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్పును తొలిసారి గెలవడం కోసం 1930 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఫైనల్లో ఆర్సెనల్ చేతిలో ఓడింది కూడా హడర్స్‌ఫీల్డే. మేనేజర్ వెళ్లిన మర్నాడే క్లబ్బు కూలిపోదనీ, అసలు లోటు కొన్నేళ్ల తర్వాత బయటపడుతుందనీ ఈ ఉదాహరణ చెబుతుంది.

స్కాట్లండ్‌లోని అబర్డీన్‌ది ఇంకా బాధాకరమైన అనుభవం. అలెక్స్ ఫెర్గూసన్ నాయకత్వంలో ఆ క్లబ్బు 1980, 1984, 1985 సంవత్సరాల్లో లీగ్ గెలిచింది, 1983లో రియల్ మాడ్రిడ్‌ను ఓడించి యూరోపియన్ కప్ విన్నర్స్ కప్పు అందుకుంది. రేంజర్స్, టోటెన్‌హామ్ వంటి క్లబ్బులు అడిగినా కదలని ఫెర్గూసన్ 1986 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లారు. 1985లో అబర్డీన్ గెలిచిన తర్వాత నలభై ఏళ్ల పాటు సెల్టిక్, రేంజర్స్ తప్ప మరే క్లబ్బూ స్కాటిష్ లీగ్ గెలవలేదు. దీనికి ఒక్క ఫెర్గూసన్ నిష్క్రమణే కారణమని చెప్పడం సరికాదు, ఆ రెండు క్లబ్బుల ధనబలం కూడా అందుకు తోడైంది.

పుకారు దశలోనే అభిమానులు రంగంలోకి దిగిన సందర్భం 1998 అక్టోబరులో లెస్టర్‌లో వచ్చింది. జార్జ్ గ్రాహం లీడ్స్‌ను వదిలి టోటెన్‌హామ్‌కు వెళ్లడంతో లీడ్స్ దృష్టి లెస్టర్ సిటీ మేనేజర్ మార్టిన్ ఓనీల్ మీద పడింది. ఒక గొలుసులో మొదటి కొక్కెం కదిలితే చివరిదాకా లాగుతుందన్నట్టు, పై క్లబ్బులో ఖాళీ ఏర్పడితే దాని అదురు కింది క్లబ్బులన్నిటికీ తాకుతుంది. అదే రోజుల్లో టోటెన్‌హామ్‌తో సొంత మైదానంలో జరిగిన మ్యాచ్‌లో లెస్టర్ అభిమానులు "వెళ్లవద్దు మార్టిన్" అని రాసిన కాగితాలను వేల సంఖ్యలో పట్టుకుని నిలబడ్డారు. లెస్టర్ గెలిచింది, ఓనీల్ ఉండిపోయారు, 2000లో లీగ్ కప్పు కూడా సాధించారు. ఆ వేసవిలోనే ఆయన సెల్టిక్‌కు వెళ్లగా, 2002లో లెస్టర్ కింది డివిజన్‌కు పడిపోయి అప్పుల్లో కూరుకుపోయింది. అభిమానుల ప్రేమ రెండేళ్లు కొనగలిగింది. ఆ రెండేళ్లను యాజమాన్యం తదుపరి సన్నాహానికి సరిగా వాడుకోలేదన్నది నా అభిప్రాయం.

పుకార్లు చేసే నష్టం నెల్లూరు తల్లిదండ్రులకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మంచి పేరున్న ఫిజిక్స్ లెక్చరర్‌ను పెద్ద కాలేజీ పిలిచిందన్న మాట బయటికి పొక్కితే, ఆయన ఇంకా పాఠం చెబుతుండగానే పిల్లల టీసీల గురించి ఆలోచన మొదలవుతుంది. ఆటగాళ్ల గదిలోనూ అదే జరుగుతుంది. రేపు ఈ మేనేజర్ ఉంటారో లేదో తెలియనప్పుడు ఆయన కఠినమైన మాటకు బరువు తగ్గుతుంది, కొత్త ఒప్పందం మీద సంతకం చేయాల్సిన ఆటగాడు ఆగి చూస్తాడు.

అయితే సిద్ధంగా ఉన్న క్లబ్బు తట్టుకోగలదని బ్రైటన్ నిరూపించింది. 2022 సెప్టెంబరులో చెల్సీ రెండు కోట్ల పౌండ్లకు పైగా పరిహారం చెల్లించి గ్రాహం పాటర్‌ను, ఆయన సహాయకులను తీసుకెళ్లింది. పది రోజుల్లోనే బ్రైటన్ రాబర్టో డి జెర్బీని నియమించింది. సీజన్ ముగిసేసరికి బ్రైటన్ ఆరో స్థానంలో నిలిచి తొలిసారి యూరప్ పోటీలకు అర్హత పొందగా, చెల్సీ పన్నెండో స్థానంలో మిగిలింది. పాటర్‌ను ఏప్రిల్‌లోనే తొలగించారు. ప్రతి పిలుపుకూ మేనేజర్లు లొంగుతారనీ అనలేం. 2024లో లివర్‌పూల్, బయర్న్ మ్యూనిక్ పేర్లు వినిపించినా జాబి అలొన్సో లెవర్కూసెన్‌లోనే ఉండి, ఒక్క ఓటమి లేకుండా జర్మన్ లీగ్ గెలిచారు. మరుసటి ఏడాది రియల్ మాడ్రిడ్‌కు వెళ్లారు.

మన దగ్గర దీని చరిత్ర వేరుగా నడిచింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1950 నుంచి 1963లో మరణించేదాకా ఆ జట్టుతోనే ఉంటూ భారత జట్టుకూ శిక్షణ ఇచ్చారు. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు ఆయన హయాంలోనివే. కోల్‌కతా పెద్ద క్లబ్బులు తులసీదాస్ బలరామ్ వంటి ఆటగాళ్లను తీసుకెళ్లగలిగాయి గాని రహీమ్‌ను కదపలేకపోయాయి. అరవై ఏళ్ల తర్వాత స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ హైదరాబాద్ ఎఫ్‌సీని 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) విజేతగా నిలిపి, 2023లో ఎఫ్‌సీ గోవాకు వెళ్లారు. మరుసటి సీజన్‌లో హైదరాబాద్ అట్టడుగున నిలిచింది. శిక్షకుడి నిష్క్రమణ కన్నా జీతాలు చెల్లించలేని యాజమాన్యమే అందుకు అసలు కారణం. ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోవడంతో, నెల్లూరు, ఒంగోలు ప్రేక్షకులకు ఐఎస్ఎల్‌లో తమదని చెప్పుకొనే జట్టు లేకుండా పోయింది.