లంకలోనే ఎందుకుంటున్నామంటే

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి 17.75 అడుగులకు చేరింది, మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు అని టీవీలో చూసి ఫోను చేశారు. "గోదావరి మధ్య ఏటా మునిగే ఆ లంక దిబ్బ మీద ఎందుకు తాతయ్యా, గట్టు ఇవతలికి వచ్చేయవచ్చు కదా" అన్నారు. మీ బెంగ నాకు అర్థమైంది.

గోదావరిని సంత నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్న మామ్మ అనుకోండి. మహారాష్ట్రలోని త్ర్యంబకం దగ్గర బయలుదేరి దాదాపు 1,465 కిలోమీటర్లు నడవాలి. దారిలో కనబడిందల్లా బుట్టలో వేసుకుంటుంది. వడిగా నడిచినంతసేపు రాళ్లనైనా మోస్తుంది. వడి తగ్గిందా, ముందు రాళ్లు దించుతుంది, తరువాత ముతక ఇసుక. పాపికొండలు దాటి పల్లానికి వచ్చేసరికి బాగా అలసిపోతుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోయి, బుట్ట అడుగున మిగిలిన మెత్తటి ఒండ్రును పిడికిళ్లతో విదిలిస్తూ పోతుంది. విదిలించిన చోట మేట వేస్తుంది. దాని మీద రెల్లు మొలుస్తుంది. మరుసటి వరదలో వచ్చే మట్టిని ఆ రెల్లు పట్టి ఆపుతుంది. అలా పెరిగిందే మన లంక. వరద రాకపోతే ఇది లేనే లేదు.

మా చిన్నప్పుడు ఎర్రనీరు కనబడగానే పశువులను ఏటిగట్టు మీదికి చేర్చి, ధాన్యం అటక ఎక్కించేవారు. మేము అరటి బోదెలతో తెప్ప కట్టుకుని వీధుల్లో తిరిగేవాళ్లం. నీరు తీశాక పెరడంతా ఒండ్రు. నాలుగు ఎండలు కాస్తే అది పలకలుగా చీలి అంచులు పైకి లేచేవి. బొటనవేలితో నొక్కితే ఫట్టున విరిగేవి. ఆ మట్టిలో వేసిన వంగ, మిరప ఎంత ఏపుగా పెరిగేవో!

అయితే ఏరు ఇచ్చినట్టే తీసుకుంటుంది కూడా. ఏరు గట్టును కోసేస్తే కొబ్బరితోటలు పోగొట్టుకుని వెళ్లిపోయినవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టకూడదు. వరదలో పడవ ఉన్నవాడు ముందు తన చుట్టాలింటికి కాదు, పసిపిల్లలూ ముసలివాళ్లూ ఉన్న ఇంటికి వెళ్లాలి. ఇది మా నాన్న నేర్పింది, మీరూ నేర్చుకోండి.

సంక్రాంతికి వచ్చినప్పుడు పడవలో వెళ్లి, ఏరు కోసిన గట్టును చూడండి. ఇసుక పొర, దాని మీద నల్లమట్టి, మళ్లీ ఇసుక. ఒక్కో వరద ఒక్కో పొర వేసి పోయింది. 1986 ఆగస్టు వరదది ఏ పొరో వెతికి నాకు చూపించండి. గట్టు అంచుకు మాత్రం వెళ్లకండి, అడుగున డొల్లగా ఉంటుంది.

మీ తాతయ్య