మాస్టర్ మేసన్ తర్వాత ఎటు? ఆ వరుస వెనకున్న చరిత్ర

ఫ్రీమేసన్ల సోదర సంఘంలో, దాని స్థానిక శాఖ అయిన లాడ్జిలో మూడో డిగ్రీ (మాస్టర్ మేసన్ దీక్ష) పూర్తయిన కొత్త సభ్యుడికి కొన్ని వారాల్లోనే పిలుపులు మొదలవుతాయి. ఒక పెద్దాయన రాయల్ ఆర్చ్ అనే డిగ్రీ ఇచ్చే చాప్టర్‌లో చేరమంటారు. ఇంకొకరు ముందు మార్క్ అనే డిగ్రీ తీసుకోమంటారు. అమెరికాలో ఉంటున్న బంధువు ఫోన్‌ చేసి, తాను అప్పుడే ముప్పై రెండో డిగ్రీ మేసన్‌ని అయ్యానంటాడు. ముగ్గురు చెప్పేదీ ఒకదానికొకటి పొసగదు. అయినా వాళ్ల వాళ్ల వ్యవస్థల్లో ముగ్గురి మాటా సరైనదే. ఈ గందరగోళానికి మూలం లండన్‌లో 1813లోనూ, 1856లోనూ జరిగిన రెండు నిర్ణయాల్లో ఉంది. అవి తెలిస్తే దేనిలో ముందు చేరాలి, దేన్ని వదిలేయాలి అన్నది చాలావరకు తేలిపోతుంది.

లాడ్జీలను పాలించే మొదటి గ్రాండ్ లాడ్జి 1717లో లండన్‌లో ఏర్పడిందని సంప్రదాయం. దానికి పోటీగా 1751లో మరో గ్రాండ్ లాడ్జి పుట్టింది. అందులో ఎక్కువ మంది లండన్‌లో పని వెతుక్కుంటూ వచ్చిన ఐరిష్‌వాళ్లు. పాత ఆచారాలను తామే కాపాడుతున్నామంటూ వీళ్లు తమను ‘యాన్షియంట్స్’ అని, అంతకుముందు నుంచీ ఉన్నవాళ్లను ‘మోడర్న్స్’ అని పిలిచారు. చాలా ఏళ్లు వీరి కార్యదర్శిగా ఉన్న లారెన్స్ డెర్మట్‌కు రాయల్ ఆర్చ్ అంటే ప్రాణం. మేసన్రీకి అదే వేరు, గుండె, మజ్జ అని ఆయన రాశాడు. యాన్షియంట్స్ లాడ్జీలు దాన్ని తమ సొంత వారంట్ (అనుమతి పత్రం) కిందే నడిపేవి. మోడర్న్స్ గ్రాండ్ లాడ్జి అధికారికంగా ఒప్పుకోలేదు. అయితే దాని పెద్దల్లో చాలామందికి రాయల్ ఆర్చ్ మీద ఇష్టముండేది. 1766లో మోడర్న్స్ గ్రాండ్ మాస్టర్ లార్డ్ బ్లేనీ హయాంలోనే, ఒక ఒప్పందపత్రం ద్వారా రాయల్ ఆర్చ్‌కు ప్రత్యేక పాలకసంస్థ ఏర్పడింది.

1813 డిసెంబరు 27న రెండు గ్రాండ్ లాడ్జీలూ ఒకటై యునైటెడ్ గ్రాండ్ లాడ్జి ఏర్పడింది. ఒక పక్షానికి డ్యూక్ ఆఫ్ ససెక్స్, రెండో పక్షానికి ఆయన అన్న డ్యూక్ ఆఫ్ కెంట్ నాయకులు. ఒప్పందంలోని రెండో అంశం మీద బేరం గట్టిగా సాగింది. చివరికి కుదిరిన వాక్యం సారాంశమిది: శుద్ధ ప్రాచీన మేసన్రీలో ఉన్నవి ఎంటర్డ్ అప్రెంటిస్, ఫెలో క్రాఫ్ట్, మాస్టర్ మేసన్ అనే మూడు డిగ్రీలే, అంతకు మించి లేవు, రాయల్ ఆర్చ్ వాటిలో కలిసే ఉంటుంది. మూడేనని మోడర్న్స్‌ను, రాయల్ ఆర్చ్ లోపలే ఉందని యాన్షియంట్స్‌ను తృప్తిపరిచిన రాజీ అది. 1817లో రాయల్ ఆర్చ్ పాలనకు సుప్రీమ్ గ్రాండ్ చాప్టర్ ఏర్పడింది. ఇంగ్లండ్ వ్యవస్థలో మాస్టర్ మేసన్ అయిన నాలుగు వారాలకే చాప్టర్‌లో చేరే అర్హత రావడానికీ, లాడ్జిలోని పెద్దలు అన్నిటికంటే ముందు దాన్నే సిఫారసు చేయడానికీ ఈ వాక్యమే కారణం.

ఇక్కడో చిన్న సంగతి చెప్పుకోవాలి. పాత రోజుల్లో రాయల్ ఆర్చ్ లాడ్జికి మాస్టర్‌గా చేసినవాళ్లకే పరిమితం. మాస్టర్ కుర్చీ ఎక్కేవాళ్లు ఏడాదికి ఒక్కరే కాబట్టి చాప్టర్‌కు జనం చాలేవాళ్లు కాదు. అందుకని అభ్యర్థిని లాంఛనంగా కాసేపు కుర్చీలో కూర్చోబెట్టి దింపే పద్ధతి వచ్చింది. ఇంగ్లండ్‌లో అది ఎప్పుడో పోయింది. అమెరికాలో మాత్రం చాప్టర్ డిగ్రీల్లో ‘పాస్ట్ మాస్టర్’ పేరుతో నేటికీ నడుస్తోంది. ఆ డిగ్రీ తీసుకున్నంత మాత్రాన ఎవరూ లాడ్జి మాజీ మాస్టర్ అయిపోరు. అక్కడ కొత్తగా చేరిన మనవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే.

రెండో నిర్ణయం మార్క్ గురించి. ఇంగ్లండ్‌లో మార్క్ డిగ్రీకి దొరికిన తొలి ఆధారం 1769 సెప్టెంబరు 1 నాటిది. పోర్ట్స్‌మత్‌లోని ఒక రాయల్ ఆర్చ్ చాప్టర్‌లో థామస్ డంకర్లీ ఆ డిగ్రీని ఇచ్చినట్టు మినిట్స్‌లో ఉంది. పూర్వం రాతిపనివాళ్లు తాము చెక్కిన రాయిమీద సొంత గుర్తు వేసుకునేవారు. ఈ డిగ్రీలోనూ అభ్యర్థి తనకంటూ ఒక గుర్తు ఎంచుకుంటాడు, దాన్ని లాడ్జి రిజిస్టర్‌లో నమోదు చేస్తారు. 1813 ఒప్పందంలో మార్క్ ఊసే లేదు. దాంతో ఇంగ్లండ్‌లో ఏ పాలకసంస్థా పట్టించుకోని డిగ్రీగా అక్కడక్కడా బతికింది. 1851లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌కు చెందిన బాన్ అకార్డ్ చాప్టర్, లండన్‌లో ఒక మార్క్ లాడ్జికి వారంట్ ఇచ్చింది. ఆ అధికారం దానికి లేదని స్కాట్లాండ్ సుప్రీమ్ గ్రాండ్ చాప్టరే అభ్యంతరం చెప్పడంతో వివాదం పెద్దదైంది. 1856 మార్చిలో ఇంగ్లండ్ యునైటెడ్ గ్రాండ్ లాడ్జి మార్క్‌ను తన వ్యవస్థలోకి తీసుకోవడానికి ఒప్పుకుంది. జూన్ సమావేశంలో మినిట్స్‌లోని ఆ భాగాన్ని ఖరారు చేయడానికి నిరాకరించింది. అదే నెలలో మార్క్ మాస్టర్ మేసన్ల గ్రాండ్ లాడ్జి వేరుగా ఏర్పడింది. లార్డ్ లీ దాని తొలి గ్రాండ్ మాస్టర్.

ఆ మూడు నెలల ఊగిసలాట ఫలితం నేటికీ అనుభవంలో ఉంది. ఇంగ్లండ్ పద్ధతిలో మార్క్ పూర్తిగా స్వతంత్రమైన ఆర్డర్ (విడి శాఖ); మాస్టర్ మేసన్ అయితే చాలు, రాయల్ ఆర్చ్‌కు ముందైనా వెనకైనా చేరొచ్చు. స్కాట్లాండ్‌లో 1860లో కుదిరిన ఒప్పందంతో సాధారణ లాడ్జిలోనే మార్క్ ఇస్తారు, చాప్టర్‌లోనూ ఇస్తారు. అది లేనిదే రాయల్ ఆర్చ్ లేదు. ఐర్లండ్‌లోనూ మార్కే ముందు. అమెరికాలో చాప్టర్ మొదటి డిగ్రీయే మార్క్. తర్వాత పాస్ట్ మాస్టర్, మోస్ట్ ఎక్సలెంట్ మాస్టర్, ఆ పైన రాయల్ ఆర్చ్.

ఇంగ్లండ్ పద్ధతిలో రాయల్ ఆర్చ్ మాత్రమే తీసుకున్నవాళ్లకు చిక్కు ఎక్కడ వస్తుందంటే, స్కాటిష్ చాప్టర్‌కు అతిథిగా వెళ్లినప్పుడు. అక్కడ మార్క్, ఎక్సలెంట్ మాస్టర్ డిగ్రీలు నడుస్తుంటే, అవి లేనివాళ్లు ఆ భాగానికి బయటే ఉండాలి. భారతదేశంలో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియాతో పాటు ఇంగ్లండ్, స్కాట్లాండ్ గ్రాండ్ లాడ్జీల కిందున్న లాడ్జీలు కూడా కొన్ని పనిచేస్తున్నాయి. కాబట్టి ఇది దూరదేశపు సమస్యగా మిగలలేదు. ఫారం నింపే ముందే ఆ చాప్టర్ ఏ దేశపు మేసనిక్ పాలన కిందిదో, మార్క్ ముందుగా ఉండాలో లేదో స్క్రైబ్ ఎజ్రాను అడిగి తెలుసుకోవాలి. చాప్టర్‌లో కార్యదర్శి పని చూసేది ఆయనే.

మూడో పాయ మతానికి సంబంధించింది. హిందువులు, ముస్లింలు, పార్శీలు, సిక్కులు ఎక్కువగా ఉన్న మన లాడ్జీల్లో దీన్ని ముందే స్పష్టంగా చెప్పడం సిఫారసు చేసేవాళ్ల బాధ్యత. 1813 తర్వాత డ్యూక్ ఆఫ్ ససెక్స్ నాయకత్వంలో మూడు డిగ్రీల ఆచారాలను సవరించి, క్రైస్తవ ప్రస్తావనలను తొలగించారు. దేవుణ్ని నమ్మే ఏ మతస్థుడికైనా లాడ్జిలో చోటు నిలవడానికి ఆ సవరణ పునాది. ఒప్పందంలోని రెండో అంశమే ‘ఆర్డర్స్ ఆఫ్ షివల్రీ’ (నైట్ల పేరిట నడిచే శాఖలు) సమావేశాలకు అడ్డు లేదని కూడా చెప్పింది. అందువల్ల క్రైస్తవ స్వభావమున్న ఆర్డర్లు పక్కన విడిగా బతికాయి. నైట్స్ టెంప్లర్ గ్రాండ్ మాస్టర్‌గా 1812 నుంచి ససెక్సే ఉన్నాడు; కానీ దాన్ని దాదాపు నిద్రలోనే ఉంచాడు. 1843లో ఆయన చనిపోయాక టెంప్లర్లలో కదలిక వచ్చింది. 1845లో రాబర్ట్ క్రూస్‌ఫిక్స్ అమెరికా నుంచి పత్రం తెప్పించి ఏన్షియంట్ అండ్ యాక్సెప్టెడ్ రైట్ సుప్రీమ్ కౌన్సిల్‌ను ఇంగ్లండ్‌లో స్థాపించాడు. రోజ్ క్రాయ్ అని పిలిచేది దీన్నే.

ఇంగ్లండ్ పద్ధతిలో రోజ్ క్రాయ్, నైట్స్ టెంప్లర్, రెడ్ క్రాస్ ఆఫ్ కాన్‌స్టాంటైన్ మూడింటికీ త్రిత్వాన్ని నమ్మే క్రైస్తవుడై ఉండాలి. ఇందులో మినహాయింపులు అడగడం, పట్టించుకోనట్టు సంతకం చేయడం రెండూ తప్పే. అక్కడ చేసే ప్రమాణం నిజమైన ప్రమాణం. అమెరికాలో రోజ్ క్రాయ్ వంశానికే చెందిన స్కాటిష్ రైట్‌కు ఈ షరతు లేదు. దాని మాతృసంస్థ 1801లో చార్ల్స్‌టన్‌లో మొదలైంది. దేవుడిపై నమ్మకమున్న మాస్టర్ మేసన్ ఎవరైనా చేరి, ముప్పై రెండో డిగ్రీ దాకా చాలాచోట్ల ఒకటి రెండు రోజుల్లోనే వెళ్లొచ్చు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు సభ్యుడు అందుకున్న ముప్పై రెండు, ఇంగ్లండ్ పద్ధతిలో ఏళ్ల తరబడి చేసి కొద్దిమందే చేరుకునే ముప్పై రెండు, అంకె ఒకటే గానీ వాటి దారులు పూర్తిగా వేరు. ఈ అంకెలేవీ మాస్టర్ మేసన్ కంటే పై హోదాలు కావు. లాడ్జిలో ముప్పై మూడో డిగ్రీవాడికి అదనపు ఓటు లేదు. చాప్టర్, కౌన్సిల్, టెంప్లర్ కమాండరీ కలిసిన అమెరికన్ యార్క్ రైట్‌లో మొదటి రెండూ అందరివీ. టెంప్లర్ కమాండరీ దగ్గర మాత్రం క్రైస్తవ ప్రమాణం వస్తుంది.

మన దేశంలో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా 1961 నవంబరు 24న ఢిల్లీలో ఏర్పడింది. రాంపూర్ నవాబు సయ్యద్ రజా అలీ ఖాన్ తొలి గ్రాండ్ మాస్టర్. తెలుగు రాష్ట్రాల్లోని దాని లాడ్జీలు దక్షిణ ప్రాంతీయ గ్రాండ్ లాడ్జి కిందికి వస్తాయి. కుతుబ్‌షాహీల నాటి గోషామహల్ బారాదరి 19వ శతాబ్దం నుంచి మేసన్ల ఆలయంగా ఉండటం హైదరాబాదీలకు తెలిసిందే. లాడ్జి పీఠంపై భగవద్గీత, ఖురాన్, బైబిల్, జెంద్ అవెస్తా, గురుగ్రంథ్ సాహిబ్‌లకు చోటిచ్చిన వ్యవస్థ ఇది. రాయల్ ఆర్చ్‌కూ మార్క్‌కూ దేశంలో సొంత పాలకసంస్థలున్నాయి. ఈ రెండింటిలోనూ ఏ మతస్థుడైనా చేరొచ్చు.

అందుకే మన సభ్యుడికి మా సలహా ఇది. లాడ్జిలో మొదటి ఏడాది పూర్తిగా లాడ్జికే ఇవ్వాలి; మూడు డిగ్రీల పాఠం నోటికి వచ్చేదాకా మరో ఆర్డర్ వద్దు. నాలుగు వారాల అర్హత కనీస గడువు మాత్రమే. తర్వాత రాయల్ ఆర్చ్, మార్క్. మార్క్ ఉంటే రాయల్ ఆర్క్ మారినర్‌లో చేరొచ్చు. నోవహు ఓడ ఇతివృత్తమున్న ఈ డిగ్రీని ఇంగ్లండ్‌లో 1871 నుంచి మార్క్ గ్రాండ్ లాడ్జే చూసుకుంటోంది. రాయల్ అండ్ సెలెక్ట్ మాస్టర్స్‌కు, అలైడ్ డిగ్రీలకు రాయల్ ఆర్చ్, మార్క్ రెండూ ఉండాలి. ఈ రెండూ ముందుగా పూర్తి చేసుకోవాలనడానికి ఇది బలమైన కారణం. సీక్రెట్ మానిటర్ అనే ఆర్డర్‌కు మాస్టర్ మేసన్ అయితే చాలు. దీన్ని అమెరికా నుంచి తెచ్చిన ఇజాకర్ జకరీ 1887లో లండన్‌లో దానికి రూపమిచ్చాడు. దాని ప్రతి కాన్‌క్లేవ్‌లో (స్థానిక శాఖలో) నలుగురు విజిటింగ్ డీకన్లుంటారు. సభ్యులను పంచుకుని వాళ్ల బాగోగులు కనుక్కోవడం వారి పని. వయసు పైబడిన సభ్యులు ఎక్కువగా ఉన్న ఊళ్లో ఈ ఒక్క కారణానికే ఈ ఆర్డర్ విలువైనది.

చేరే ముందు లెక్క కాగితం మీద వేసుకోవాలి. ప్రవేశ రుసుము ఒక్కసారిదే. ఏటేటా చందా, విందు ఖర్చు, దానధర్మాల విరాళం ఆగవు. రెగాలియాలో (సమావేశాలకు ధరించే దుస్తులు, చిహ్నాల్లో) తేడా ఎక్కువ. రాయల్ ఆర్చ్‌కు ఏప్రన్, శాష్, జ్యువెల్, మార్క్‌కు ఏప్రన్, జ్యువెల్ సరిపోతాయి. టెంప్లర్‌కు ట్యూనిక్, మాంటిల్, కత్తి కావాలి. తొలి ఏడాది చాప్టర్ దగ్గరున్నవి వాడుకోవచ్చేమో అడిగితే చాలాచోట్ల కాదనరు. సమావేశాల సంఖ్యకు రిహార్సళ్లు కలిపి చూడాలి. ఏడాదికి నాలుగు సమావేశాలున్న ఆర్డర్‌లో పదవి తీసుకుంటే ఎనిమిది, తొమ్మిది సాయంత్రాలు పోతాయి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రెండేళ్లలో ఐదు ఆర్డర్లలో చేరి, ఐదింటిలోనూ పదవులు ఒప్పుకుని, పాఠాలు కలిసిపోయి, చివరికి చందా బకాయిలతో పేరు కొట్టేయించుకుంటారు. ఆ బకాయి రికార్డు తర్వాత వేరే ఆర్డర్‌లో దరఖాస్తు చేసినప్పుడు ఎదురొస్తుంది.

విదేశాలకు వెళ్లేవాళ్లు రాజీనామా చేయకుండా వెళ్లిపోవద్దు. ప్రతి ఆర్డర్ నుంచీ విడివిడిగా బకాయిలు లేవన్న క్లియరెన్స్ సర్టిఫికెట్, గ్రాండ్ లాడ్జి సర్టిఫికెట్ అసలు ప్రతి వెంట ఉండాలి. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ వేరే గ్రాండ్ లాడ్జి ఉంటుంది. చేరదలచిన లాడ్జి గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా గుర్తించినదో కాదో ఢిల్లీలోని గ్రాండ్ సెక్రటరీ కార్యాలయం ద్వారా తేల్చుకోవాలి. అక్కడి చాప్టర్‌లో చేరే ముందు, ఇక్కడ తీసుకున్న రాయల్ ఆర్చ్‌కు తోడు మార్క్, పాస్ట్ మాస్టర్, మోస్ట్ ఎక్సలెంట్ డిగ్రీలు మళ్లీ తీసుకోవాలో లేదో ఆ గ్రాండ్ చాప్టర్‌ను లిఖితపూర్వకంగా అడగాలి.